మీసాల చేప

తాడేపల్లిగూడెం ఎగ్జిబిషన్‌లో జలకన్య షో ముందు జనం బారులు తీరి ఉన్నారు. డేరా వెనకాల విశ్వాసం లుంగీ ఎగ్గట్టుకుని, యజమాని చేతిలో వేలాడుతున్న విగ్గు వంక అనుమానంగా చూస్తున్నాడు. భుజాల దాకా జారే నల్లటి విగ్గు, దానికి జతగా గవ్వలు కుట్టిన జాకెట్టు. జలకన్య వేషం వేసే ప్రసన్నకి పొద్దుటి నుంచీ చలిజ్వరం. ఆ పిల్ల ప్లాస్టిక్ కుర్చీలో దుప్పటి కప్పుకుని వణుకుతోంది. బయట మైకు మాత్రం జలకన్య వచ్చేస్తోంది, వచ్చేస్తోంది అని గొంతు చించుకుంటోంది.

"మీసం గీసేసి ఇవి తగిలించుకోవయ్యా. నీళ్ళలో ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు షో యజమాని గంగాధరరావు.

"తోక వేసుకుంటానండి. విగ్గు మాత్రం పెట్టనండి."

"విగ్గు లేకపోతే జలకన్య ఎలా అవుతావు?"

"నేను కన్యనెందుకవుతానండి? నలభై దాటిన మగాణ్ణి. మగచేపగానే దిగుతాను."

"మీసాలున్న చేపని ఎవడన్నా చూశాడా?"

"జెల్లకి మీసాల్లేవా అండి? గీసుకోమని దాన్ని ఎవరన్నా అడిగారా?"

గంగాధరరావు విగ్గుని చంకలో పెట్టుకున్నాడు. ఆయన మెట్టప్రాంతం మనిషి. చేపంటే పులుసులో ముక్కే తప్ప దాని మొహం ఎప్పుడూ చూసి ఎరగడు. కానీ మైకు ఆగడం లేదు, జనం ఈలలు మొదలెట్టారు. నీ ఇష్టం వచ్చినట్టు చావు అన్నట్టు చెయ్యి విసిరి వెళ్ళిపోయాడు.

విశ్వాసం ఆ షోలో వేషగాడు కాదు. గాజుతొట్టి అద్దాలు తుడవడం, నీళ్ళు మార్చడం, లోపల ప్రసన్నకి ఊపిరి అందకపోతే దూకి పైకి తేవడం అతని పని. ఆ పనికి అతన్ని మించినవాడు దొరకడని గంగాధరరావుకి ఎవరో చెబితే చేర్చుకున్నాడు. చెప్పినవాళ్ళది అబద్ధం కాదు.

అతను పుట్టింది కొల్లేటి మధ్య ఒక లంకలో. వాళ్ళింట్లో వల ఉండేది కాదు. ఊపిరి బిగబట్టి మునిగి, కిక్కిస గడ్డి వేళ్ళ మధ్య బురదలో చేతులతో తడిమి కొరమేనుని పట్టడమే తండ్రి కృపావరం నేర్పిన విద్య. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే, ఆ బురదనీళ్ళలో ఏమీ కనపడదు. వేళ్ళకి తగిలింది చేపో, పామో, జెల్ల ముల్లో ఆ క్షణంలోనే తేలిపోవాలి. తేలకపోతే చెయ్యి వాచి కుండంత అవుతుంది.

నాయనమ్మ కెజియా ఇంకో భయం కూడా పెట్టింది. కొల్లేటి అడుగున నీటాయన ఉంటాడట. నడుం పైన మనిషి, నడుం కింద కొరమేను. పిల్లల గుంపుని కాసుకుంటున్న కొరమేనుని ఎవడన్నా ఆశపడి పట్టబోతే, బురదలోంచి ఇంకో చెయ్యి వచ్చి వాడి చెయ్యి పట్టుకుంటుందట. ఆదివారం మందిరంలో ముందు చాప మీద కూర్చునే ఆవిడకి ఈ నీటాయన మీదా గట్టి నమ్మకమే. ఆ నమ్మకానికీ ఈ నమ్మకానికీ పడదని ఆవిడకి ఎప్పుడూ తోచలేదు. విశ్వాసం మాత్రం భయపడడం మానేసి, ఒక్కసారన్నా ఆ చెయ్యి తగిలితే బాగుండునని బురదలో వెతికేవాడు.

తర్వాత కొల్లేరు కొల్లేరుగా మిగల్లేదు. గట్లు లేచాయి, చేపల చెరువులు వెలిశాయి, కొన్ని గట్లు సర్కారు తెగ్గొట్టింది, ఆసాములు మళ్ళీ వేశారు. మిగిలిన నీళ్ళ మీద గుర్రపుడెక్క దుప్పటిలా పరుచుకుంది. సరస్సు ఎవరిదని కొట్టుకోవడానికి బోలెడుమంది ఉన్నారుగానీ, అందులో మునిగి బతికేవాడు ఏమైపోవాలని అడిగిన మహానుభావుడు ఒక్కడూ లేడు. విశ్వాసం భార్య రత్నకుమారిని తీసుకుని గుండుగొలను వచ్చేశాడు. అక్కడొక ఆసామి తన చేపల చెరువుకి కాపలా పెట్టుకున్నాడు. ఈత తప్ప ఇంకోటి తెలియని మనిషిని గట్టు మీద కూర్చోబెట్టి, నీళ్ళలో దిగితే ఊరుకోనని చెప్పడం కంటే పెద్ద శిక్ష ఉంటుందా? ఏళ్ళ తరబడి ఆ శిక్ష అనుభవించాడు.

ఆ ఏళ్ళలో అతనికి నీళ్ళు దొరికింది బాప్తిస్మాలప్పుడే. గుండుగొలనులో వాళ్ళు వెళ్ళే మందిరం పాస్టరు వరదానం గారు మంచి ప్రసంగీకుడే, కానీ ఈత రాదు. కాలవలో బాప్తిస్మం ఇవ్వాలంటే పక్కన విశ్వాసం ఉండాల్సిందే. మునిగేవాళ్ళ వీపు కింద చెయ్యి వేసి పట్టుకునేది అతనే. కాలు జారకుండా అయ్యగారి మోచెయ్యి పట్టుకునేదీ అతనే. సంఘంలో సగం మంది అతని చేతుల మీదుగా లేచినవాళ్ళే. అందుకు అతనికి ఎవరూ శాలువాలు కప్పలేదు, అతనూ ఆశించలేదు.

అలాంటివాడు ఆ రోజు ప్రసన్న కొలతలకి కుట్టిన తోకలోకి బలవంతాన దూరాడు. నడుం దగ్గర కుట్లు పటపటా తెగాయి. తువ్వాలు బిగించి కట్టుకుని తొట్టిలోకి జారాడు.

డేరా అంతా గొల్లుమంది. ఎవడో "ఒరేయ్, జలకన్య వాళ్ళ నాన్నరా" అని కేకేశాడు. ముందు వరసలో ఒక చిన్నపిల్ల మాత్రం నవ్వకుండా వాళ్ళమ్మని అడిగింది. "జలకన్యకి నాన్న ఉంటాడామ్మా?"

"ఉండకపోతే అది ఎలా పుడుతుందే" అంది ఆ తల్లి.

ఈ మాటలన్నీ ప్రసన్న తర్వాత చెబితే తెలిసినవే. నీళ్ళలో విశ్వాసానికి ఏమీ వినపడలేదు. మొదట రెండు కాళ్ళూ కట్టేసినట్టయి ఒక పక్కకి ఒరిగిపోయాడు. తర్వాత నడుం ఒకసారి ఊపి చూశాడు. కొరమేను బురదలోంచి జారిపోయేటప్పుడు అలాగే ఊపుతుంది, ఆ ఊపు అతని అరచేతులకి బాగా తెలుసు. అంతే, తొట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క విసురులో వెళ్ళిపోయాడు. అడుగున వెల్లకిలా తిరిగాడు, అద్దానికి మొహం ఆనించి మీసం దువ్వాడు. నవ్వు ఆగిపోయింది. మనుషుల మొహాలు అద్దానికి దగ్గరగా జరిగాయి. కొల్లేట్లో ఎన్నేళ్ళు మునిగినా అతన్ని చూసినవాడు లేడు, అతను చూసిందీ లేదు. ఇప్పుడు నీళ్ళు తేటగా ఉన్నాయి, అందరూ చూస్తున్నారు. ఆ సాయంత్రం విశ్వాసం గర్వపడ్డాడు. దాచుకోవడానికేముంది, ఒళ్ళంతా గర్వమే.

గంగాధరరావు సంగతి చెప్పక్కర్లేదు. మర్నాటికల్లా బోర్డు మీద మత్స్యపురుషుడు అని రాయించి, ఈ ఆలోచన నాదేనని ఊరంతా చెప్పుకున్నాడు. కొత్త తోక కూడా కుట్టించాడు, బంగారు రంగుది, సరైన కొలతలతో.

బొమ్మల సినిమాల్లో, పిల్లల స్కూలు సంచుల మీద, ఎక్కడ చూసినా తోక ఆడపిల్లకే ఉంటుంది. మగవాడికి ఎందుకు లేదో ఎవరూ ఆలోచించరు. జ్వరం తగ్గిన ప్రసన్న ఫోన్‌లో వెతికి, పరాయి దేశాల ఫౌంటెన్ల దగ్గర రాతి మగచేపల్ని చూపించింది. చేతిలో శంఖాలు, గుండెల దాకా గడ్డాలు.

"అందరికీ గడ్డాలే బాబాయ్" అంది.

"చూశావా మరి. గంగాధరరావు గారికి కూడా చూపించు" అన్నాడు విశ్వాసం.

ఎగ్జిబిషన్ ఏలూరు మారింది. గొడవ అక్కడ మొదలైంది.

ఆ రోజు ఏకాదశి. ముదినేపల్లి నుంచి వచ్చిన వెంకటలక్ష్మి అనే పెద్దావిడ, కోడళ్ళతో కలిసి డేరాలోకి అడుగుపెట్టింది. వరి పండించుకునే కుటుంబం, గుడికి పోతూ దారిలో ఇటు వచ్చారు. లోపల నీలం లైట్లు. నీళ్ళలో బంగారు తోక, విశాలమైన ఛాతీ, మెలితిప్పిన మీసం. ఆవిడకి ఒళ్ళు గగుర్పొడిచింది. దేవుడు మొదటిసారి దిగి వచ్చిందే చేప రూపంలో కదా. గుడికని తెచ్చుకున్న కొబ్బరికాయ తొట్టి ఇనుప స్టాండుకేసి కొట్టింది, కర్పూరం వెలిగించింది, చేతులెత్తి మొక్కింది. వెనకున్నవాళ్ళు గోవిందా అన్నారు.

నీళ్ళలో ఉన్నవాడికి గోవిందా వినపడదు. అద్దం అవతల కర్పూరం వెలుగు కూడా నీలం లైట్లలో కలిసిపోయింది. అతనికి కనపడిందల్లా ఒక పెద్దావిడ చేతులు జోడించడం. పెద్దవాళ్ళు చేతులు జోడిస్తే తిరిగి జోడించకుండా ఉండడం ఈ వైపు మనుషులకి చేతకాదు. విశ్వాసం అద్దం దగ్గరికి వచ్చి, తల వంచి, చక్కగా దణ్ణం పెట్టాడు.

ఫోన్‌లో తీసినవాడికి మాత్రం అది దేవుడు భక్తురాలిని అనుగ్రహించినట్టే వచ్చింది. విశ్వాసం తోక విప్పి తల తుడుచుకునేలోపే ఆ వీడియో గుండుగొలను చేరిపోయింది.

మర్నాడు పొద్దున్నే వరదానం గారు ఇంటికి వచ్చారు. రత్నకుమారి కుర్చీ వేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఆమె సంఘంలో స్త్రీల కూటం నడిపే మనిషి. అయ్యగారి మొహం చూడగానే సంగతి మంచిది కాదని ఆమెకి తెలిసిపోయింది.

"విశ్వాసం, ఫిలిష్తీయులు మొక్కిన దాగోను విగ్రహం ఎలా ఉండేదో తెలుసా నీకు?" అన్నారాయన.

"మీరే చెప్పారు కదండి. పైన మనిషి, కింద చేప అని."

"మరి నువ్వేంటి ఇప్పుడు? హారతి కూడా పుచ్చుకున్నావే."

"నాకు తెలీలేదండి అయ్యగారు. ఆవిడ దణ్ణం పెట్టింది, నేనూ పెట్టాను. పెద్దావిడ పెడితే తిరిగి పెట్టకుండా ఎలాగండి?"

"వచ్చే ఆదివారం బల్ల ఉంది. సంఘం ముందు లేచి తప్పు ఒప్పుకో. ఆ తోక తెచ్చి మందిరం ముందు కాల్చెయ్. లేదంటే నిన్ను బల్లకి దూరం పెట్టాల్సొస్తుంది."

బల్లకి దూరం అంటే చిన్న మాట కాదు. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం అందరికీ అందుతాయి, నీ ముందు మాత్రం పళ్ళెం ఆగదు. పెళ్ళి పంక్తిలో కూర్చున్నాక అందరూ చూస్తుండగా విస్తరి లాగేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. విశ్వాసానికి అది తెలుసు. అయినా నోరు ఆగలేదు.

"కాలవలో మీ పక్కన నిలబడ్డప్పుడు నేను నడుం దాకా నీళ్ళలోనే ఉన్నానండి. నడుం కింద ఏముందని అప్పుడు ఎవరూ అడగలేదు."

వరదానం గారు టీ తాగకుండానే లేచి వెళ్ళిపోయారు.

"ఒక్క మాట ఒప్పేసుకోండి" అంది రత్నకుమారి, టీ గ్లాసు చేత్తో పట్టుకునే. "నోటి మాటే కదండీ. ఆ గుడ్డముక్క కాల్చేస్తే పోయేదేముంది?"

"చెయ్యని పాపం ఎలా ఒప్పుకుంటాను రత్నం? నేను విగ్రహంగా నిలబడ్డానా? ఈదాను. మా నాన్న ఈదాడు, నేనూ ఈదుతున్నాను. కొల్లేరు పోయాక నేను మళ్ళీ మనిషినైంది ఆ తొట్టిలోనే. దాన్ని మందిరం ముందు కాలిస్తే, నన్ను కాల్చుకున్నట్టే."

"మీకు మీ తోక ఉంది. నాకు ఆ సంఘం తప్ప ఏముందండీ?"

ఆ వారమంతా ఆమె అన్నం పెట్టింది, నీళ్ళు తోడింది, మాట మాత్రం ఆడలేదు. ఆదివారం తను ఒంటరిగా నిలబడాలని అతనికి అర్థమైపోయింది.

ఇది చాలదన్నట్టు గంగాధరరావు ఒక కిరీటం తెచ్చాడు. అట్టముక్కకి బంగారు కాయితం అంటించిన కిరీటం, ఒక శంఖం, నుదుటికి నామం.

"అవతారంగా దిగావంటే జిల్లా జిల్లా అంతా వస్తుందయ్యా. కూర్చుని ఆశీర్వదించు చాలు, ఈదక్కర్లేదు కూడా."

ఈదక్కర్లేదు అన్న మాటకి విశ్వాసానికి ఒళ్ళు మండింది.

"అయ్యగారేమో నన్ను దయ్యాన్ని చేశారు. మీరేమో దేవుణ్ణి చేస్తానంటున్నారు. మధ్యలో నేనొకణ్ణి ఉన్నానండి."

"నీ మంచికే చెబుతున్నాను."

"అందరూ నా మంచికే చెబుతున్నారండి. ఆ నామం కొబ్బరికాయ కొట్టిన ఆ పెద్దావిడలాంటివాళ్ళకి నిజం. నేను పెట్టుకుంటే వాళ్ళని మోసం చేసినట్టు. తోకతో ఈదమంటే ఈదుతాను. కూర్చోమంటే ఇంకొకరిని చూసుకోండి."

చూసుకోవడానికి గంగాధరరావుకి ఇంకొకరు లేరు. కిరీటం టికెట్ల బల్ల కిందికి పోయింది. ఆ రోజు నుంచి విశ్వాసం తొట్టిలో చేతులు జోడించడం మానేశాడు. ఎవరు దణ్ణం పెట్టినా చెయ్యి ఊపేవాడు, అంతే. మర్యాద తప్పుతున్నందుకు లోలోపల బాధపడ్డాడు కూడా.

ఆదివారం వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని మందిరానికి వెళ్ళి, మగవాళ్ళ వైపు తను ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. పక్కవాళ్ళు కొంచెం జరిగారు. చోటివ్వడానికి జరిగారనుకుంటే మన అమాయకత్వం. ఆడవాళ్ళ వైపు రత్నకుమారి ముసుగు దించుకుని, తల వంచుకుని ఉంది.

పాటలయ్యాయి, ప్రసంగమయ్యింది. బల్లకి ముందు వరదానం గారు అతని వైపు చూశారు. విశ్వాసం లేచాడు.

"నేను ఒప్పుకోవాల్సింది ఒకటుందండి. హారతి అని చూసుకోకుండా దణ్ణం పెట్టాను. అది నా పొరపాటే. ఇకముందు చెయ్యను. ప్రభువు ఎరుగును, మీరూ వినండి" అని గొంతు సవరించుకున్నాడు. "తోక మాత్రం కాల్చను. అది నా దేవుడు కాదు, నా పని. కొరమేను పట్టినప్పుడు నా చేతులు బురదలో ఉండేవి, అవే చేతులు మీలో చాలామందిని కాలవలో పట్టుకున్నాయి. ఇప్పుడు ఆ తొట్టిలోనూ అవే. సిగ్గుపడే పని నేనేమీ చెయ్యడం లేదు."

కూర్చున్నాడు. ఎవరో దగ్గారు. వరదానం గారి మొహం ఎర్రబడింది. ప్రార్థన చేసి రొట్టె పళ్ళెం ఎత్తారు. అక్కడ అందరికీ అందాక, అయ్యగారు చెప్పినప్పుడు అందరూ ఒక్కసారే తినడం ఆచారం. ఆడవాళ్ళ వైపు ముగించి మగవాళ్ళ వైపు వచ్చారు. పళ్ళెం దగ్గరపడుతుంటే విశ్వాసం ఎప్పటిలాగే కుడి అరచెయ్యి చాపాడు.

పళ్ళెం అతన్ని దాటి పక్కవాడి ముందు ఆగింది.

విశ్వాసం చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పెట్టకపోతే పెట్టకపోయారు, చాపడం నా హక్కు అన్నట్టు అలాగే ఉంచాడు. వరసలన్నీ అయిపోయాయి, అయ్యగారు బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళారు. ఆ చెయ్యి ఇంకా చాపే ఉంది.

అప్పుడు ఆడవాళ్ళ వైపు చాప మీంచి రత్నకుమారి లేచింది. ఆరాధన మధ్యలో ఆడవాళ్ళు లేచి మగవాళ్ళ వైపు నడవడం ఆ మందిరంలో ఎవరూ చూడలేదు. ఆమె నడిచింది. భర్త ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తన చేతిలో ఉన్న చిన్న రొట్టె ముక్కని రెండుగా విరిచి, ఒకటి అతని అరచేతిలో పెట్టింది.

"అమ్మా రత్నం, అది నీకిచ్చింది" అన్నారు వరదానం గారు.

"ఆయ్, నాకిచ్చిందేనండి" అంది ఆమె తల తిప్పకుండానే. "నాకున్నదాంట్లో ఆయనకి సగమని పెళ్ళిళ్ళలో మీరే చదివిస్తారు కదండి అయ్యగారు."

"అలాగైతే నిన్ను కూడా దూరం పెట్టాలి."

"పెట్టండి. ఇద్దరం ఒకచోటే ఉంటాం."

ఆమె లేచి వెనక్కి వెళ్ళలేదు. అక్కడే, మగవాళ్ళ మధ్య, అతని పక్కన కూర్చుంది. సంఘమంతా చేతుల్లో రొట్టె పట్టుకుని అయ్యగారి మాట కోసం చూస్తోంది. ఆయన పుస్తకం మూసి బల్ల మీద పెట్టారు. చివరికి, భుజించండి అన్నారు. అందరితో పాటు వాళ్ళిద్దరూ తిన్నారు.

ఆ మధ్యాహ్నం షోకి రత్నకుమారి కూడా అతనితో ఏలూరు బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని మొదలెట్టింది.

"మీరలా చెయ్యి చాపుకుని కూర్చుంటే నాకు ఒళ్ళు మండిపోయిందండీ."

"అయ్యగారి మీదా?"

"మొదట మీ మీదే. ఆ చెయ్యి వెనక్కి తీసుకోరేంటా అని. తర్వాత ఎందుకు తీసుకోవాలనిపించింది."

"వచ్చే నెల నీకూ అందదు మరి."

"నాకు తెలుసండి" అని ఆమె బయటికి చూసింది. కళ్ళు తుడుచుకుంది, దానికి సాకేమీ చెప్పలేదు. "మళ్ళీ వెళ్ళి కూర్చుందాం. చెయ్యి నేనూ చాపుతాను. ఎన్ని నెలలు దాటిపోతారో చూద్దాం."

ఆ సాయంత్రం డేరా కిటకిటలాడింది. తోక గురించి అంత గొడవ పడిన రత్నకుమారి, ఆ తోకని అదే మొదటిసారి చూడడం. ప్రసన్న ఆమెని అద్దానికి ఎదురుగా నిలబెట్టింది. విశ్వాసం తొట్టిలోకి జారాడు, నడుం ఊపాడు, అడుగుదాకా వెళ్ళి వెల్లకిలా తిరిగాడు. ఎప్పుడూ లేనిది అతనికి కొంచెం బెరుగ్గా ఉంది. నీళ్ళలోంచి ఆమె మొహం కోసం వెతికాడు. పక్కనున్న ఆడమనిషి తొట్టి వైపు చేతులు జోడించి రత్నకుమారిని ఏదో అడగడం, రత్నకుమారి నవ్వి ఏదో చెప్పడం, ఆ మనిషి ఆశ్చర్యంగా చేతులు దించడం కనపడ్డాయి. మాటలు వినపడలేదు. బయటికొచ్చాక ప్రసన్నే చెప్పింది.

ఇది ఏ అవతారమండీ అని అడిగిందట ఆవిడ.

"అవతారం కాదండి, మా ఆయన" అందట రత్నకుమారి. "దణ్ణాలేం వద్దు. ఎంత బాగా ఈదుతున్నారో చూడండి."